ఏపీ బయాలజీలో 5 వచ్చింది. కాలేజీలో బయాలజీ మళ్ళీ తీసుకోవాలా, వద్దా?

ఫ్రిస్కో_శారద
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ ఆగస్టులో టెక్సాస్‌లోనే ఒక స్టేట్ యూనివర్సిటీలో చేరుతోంది. డాక్టర్ అవుతానని మిడిల్ స్కూల్ నుంచీ ఒకటే పట్టు. మే నెలలో రాసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) బయాలజీలో 5 వచ్చింది, అదే అన్నిటికంటే పై స్కోరు. ఓరియంటేషన్‌లో అడ్వైజర్ "క్రెడిట్ తీసేసుకో, మొదటి ఏడాది బయాలజీ అయిపోయినట్టే" అన్నారట (క్రెడిట్ అంటే ఆ కోర్సు కాలేజీలో చేసినట్టే లెక్క). మా అన్నయ్యగారు (మావారి అక్క భర్త, ఇద్దరు పిల్లల్ని మెడిసిన్‌లో చేర్పించినాయన) మాత్రం "హైస్కూల్ క్రెడిట్‌ని మెడికల్ స్కూళ్ళు లెక్కచేయవు, మళ్ళీ మొదటి నుంచి తీసుకోమను" అని రోజూ ఫోన్ చేస్తున్నారు. అడ్వైజర్ మాట వినాలా, ఆయన మాట వినాలా? రిజిస్ట్రేషన్ వచ్చే వారమే. పిల్ల కంటే నాకే టెన్షన్ ఎక్కువగా ఉంది.

తెల్లకోటు_2వఏడు
శారద ఆంటీ, నేను ఇప్పుడు ఎండీ (ఇక్కడి డాక్టర్ డిగ్రీ) రెండో ఏడాదిలో ఉన్నాను. నేనూ ఏపీ బయాలజీ క్రెడిట్‌తోనే వచ్చాను కాబట్టి చెబుతున్నా. ఇద్దరు చెప్పిందీ సగం సగం నిజం.

ఇందులో మూడు వేర్వేరు నిర్ణయాలున్నాయి. ఏపీ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డు మార్కు ఇస్తుంది, అంతే. దానికి క్రెడిట్ ఇవ్వాలా, ఎన్ని గంటలు (కోర్సు బరువుని కొలిచే క్రెడిట్ గంటలు) ఇవ్వాలి అన్నది మీ అమ్మాయి చేరే యూనివర్సిటీ ఇష్టం. ఆ క్రెడిట్‌ని ప్రీరెక్విజిట్ (ముందే చదివి ఉండాల్సిన కోర్సు) కింద ఒప్పుకోవాలా అన్నది ఒక్కో మెడికల్ స్కూల్ ఇష్టం. ఓరియంటేషన్ అడ్వైజర్ చెప్పింది రెండో దాని గురించి. డిగ్రీ వరకు ఆ మాట కరెక్టే. మీ అన్నయ్యగారు మూడో దాని గురించి మాట్లాడుతున్నారు. కానీ అన్ని స్కూళ్ళనీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

కొన్ని స్కూళ్ళు ఏపీని యథాతథంగా ఒప్పుకుంటాయి. కొన్ని, అన్ని గంటలకు సరిపడా పైస్థాయి బయాలజీ తీసుకుంటేనే ఒప్పుకుంటాయి. కొన్ని అసలు ఒప్పుకోవు. స్టాన్‌ఫర్డ్ లాంటి చోట ఫలానా కోర్సు తప్పనిసరి అనే జాబితానే లేదు, ఏయే సబ్జెక్టుల్లో సిద్ధపడి రావాలో సిఫారసు మాత్రం చేస్తారు. ఏ స్కూల్ ఏ రకమో ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) వాళ్ళ స్కూళ్ళ వివరాల వెబ్‌సైట్ ఎంసార్‌లో ఒక్కొక్క దాని పేజీలో ఉంటుంది. ఏడాది చందా కట్టాలి, కానీ పెట్టిన డబ్బుకి పనికొస్తుంది.

మిర్చి_గుంటూరు
నేను అన్నయ్యగారి పార్టీ. ఏపీ క్రెడిట్‌కి గ్రేడ్ ఉండదు. అంటే ఆమ్‌కాస్‌లో (చాలా మెడికల్ స్కూళ్ళకి కలిపి పెట్టే అప్లికేషన్) లెక్కేసే సైన్స్ జీపీఏ, అదే బీసీపీఎం అంటారు (బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి), అందులో ఆ 5 వల్ల ఒరిగేది సున్నా. తెలిసిన సబ్జెక్టే కదా, మళ్ళీ తీసుకుంటే రెండు ఏ గ్రేడ్లు జేబులో పడతాయి. మొదటి సెమిస్టర్‌లో కెమిస్ట్రీ, క్యాలిక్యులస్ మీద పడి నలిపేస్తున్నప్పుడు ఒక్క సబ్జెక్టైనా తేలిగ్గా ఉండాలా వద్దా?

తెల్లకోటు_2వఏడు
అన్నా, "తేలిగ్గా" అన్న దగ్గరే పేచీ. పెద్ద స్టేట్ యూనివర్సిటీల్లో బయాలజీ మొదటి కోర్సులో మూడు నాలుగు వందల మంది ఉంటారు. అందులో సగం మంది ప్రీ-మెడ్ (మెడిసిన్‌కి సిద్ధపడేవాళ్ళం) అనే చెప్పుకుంటారు. కొన్ని చోట్ల కర్వ్ వేస్తారు (తోటివాళ్ళ మార్కులతో పోల్చి గ్రేడ్ ఇస్తారు). "నాకు వచ్చులే" అని క్లాసుకి వెళ్ళకుండా, మిడ్‌టర్మ్‌లో బీ తెచ్చుకున్న వాళ్ళు మా డార్మ్‌లోనే ఉన్నారు. పైగా ఆ హాల్లో ప్రొఫెసర్‌కి మన మొహం కూడా తెలియదు. సిఫారసు లెటర్ ఎవరిస్తారు? నాకు లెటర్ ఇచ్చింది మూడో సెమిస్టర్ సెల్ బయాలజీ మేడం. ముప్పై మంది క్లాసు, ఆఫీస్ అవర్స్‌కి వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడేవారు.

అడ్వైజింగ్_అరుణ
ఒక కాలేజీలో ప్రీ-హెల్త్ అడ్వైజింగ్ నా ఉద్యోగం. ఇక్కడ రాసేది నా సొంత అభిప్రాయం.

మిర్చి గారూ, ఇంకో చిక్కుంది. క్రెడిట్ తీసుకున్నాక అదే కోర్సు మళ్ళీ తీసుకుంటే చాలా యూనివర్సిటీలు ఏపీ క్రెడిట్ రద్దు చేస్తాయి. ఒకే కోర్సుకి రెండుసార్లు గంటలు ఇవ్వరు. మళ్ళీ తీసుకోవాలనుకునే వాళ్ళు క్రెడిట్ క్లెయిమ్ చేయకముందే రిజిస్ట్రార్‌ని అడగడం మంచిది. కొన్ని చోట్ల ఒకసారి పోస్ట్ అయ్యాక తీసేయించడం పెద్ద తతంగం.

అప్లికేషన్‌లో ఇది ఎలా కనిపిస్తుందో కూడా చెబుతాను. ఇంట్లో మార్కుల కాగితం ఉన్నంత మాత్రాన ఆమ్‌కాస్‌లో ఏపీ అని రాయడానికి లేదు. కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, గ్రేడ్ల రికార్డు) మీద ఆ క్రెడిట్ ఉండాలి. ఉంటే, క్రెడిట్ మొదట ఇచ్చిన టర్మ్ కింద ఆ కోర్సు రాసి, కోర్సు రకంలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అని పెట్టాలి. గంటలు కనిపిస్తాయి, జీపీఏలో కలవవు. తర్వాత వేరే కాలేజీకి మారి, అక్కడా అదే క్రెడిట్ ఎక్కినా రాయాల్సింది ఒక్కసారే, మొదట ఇచ్చిన కాలేజీ కింద.

శారద గారూ, అమ్మాయి అన్‌అఫీషియల్ ట్రాన్‌స్క్రిప్ట్ తెరిచి, బయాలజీ ఎదురుగా ఏముందో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. అది చూడకుండా ఎవరు సలహా చెప్పినా గాల్లో మాటే.

ఫ్రిస్కో_శారద
ఇప్పుడే చూశాం అరుణ గారూ. రెండు వరసలున్నాయి:
బయాల్ 1306, 3 గంటలు, సీఆర్.
బయాల్ 1307, 3 గంటలు, సీఆర్.
ఇంకేమీ లేదు. బాగుందా, బాగోలేదా?

అడ్వైజింగ్_అరుణ
బాగుంది, కొంచెం తక్కువైంది. సీఆర్ అంటే గ్రేడ్ లేని క్రెడిట్. టెక్సాస్ కాలేజీలు చాలావరకు వాడే కామన్ నంబర్లివి. మొదటి అంకె 1 అంటే మొదటి ఏడాది స్థాయి. రెండో అంకె ఎన్ని క్రెడిట్ గంటలో చెబుతుంది. 1306 అంటే మూడు గంటల లెక్చర్. దాని ల్యాబ్ 1106, ఒక గంట. రెండూ కలిపి ఒకే కోర్సుగా ఇచ్చే చోట 1406 అని ఉంటుంది. అమ్మాయికి 1306, 1307 ఉన్నాయి, 1106, 1107 లేవు. అంటే యూనివర్సిటీ ఇచ్చింది లెక్చర్ క్రెడిట్ మాత్రమే. ల్యాబ్ ఇవ్వలేదు.

కోర్సు పేరు, నంబరు, గంటలు విడివిడిగా ఉండటం మంచి విషయం. టెక్సాస్ మెడికల్ స్కూళ్ళ ఉమ్మడి అప్లికేషన్ టీఎండీఎస్ఏఎస్‌లో ఏపీ చెల్లాలంటే ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఫలానా కోర్సు, ఇన్ని గంటలు అని ఉండి తీరాలి. "ఏపీ క్రెడిట్: 24 గంటలు" అని గంపగుత్తగా వేస్తే పనికిరాదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. బయట రాష్ట్రాల్లో చాలా స్కూళ్ళు అడిగేది ఏడాది బయాలజీ, ల్యాబ్‌తో, సుమారు 8 సెమిస్టర్ గంటలు. టెక్సాస్ స్కూళ్ళలో మామూలు లెక్క 14 గంటలు: 12 లెక్చర్, 2 ల్యాబ్. అమ్మాయికి ఏపీ వల్ల వచ్చినవి 6. ఇంకా 6 లెక్చర్, 2 ల్యాబ్ కావాలి. మొదటి ఏడాది కోర్సులు మళ్ళీ తీసుకున్నా, తీసుకోకపోయినా ఆ పై ఆరు గంటలు పైస్థాయి కోర్సులతోనే నింపాలి. జెనెటిక్స్ 3, సెల్ బయాలజీ 3. ల్యాబ్ ఉన్న మైక్రోబయాలజీయో, జెనెటిక్స్ ల్యాబో తీసుకుంటే ఆ 2 గంటలు కూడా వస్తాయి. ఏపీని షరతుతో ఒప్పుకునే బయటి స్కూళ్ళకీ ఇవే కోర్సులు సరిపోతాయి.

కోనసీమ_బే_ఏరియా
టెక్సాస్ వాళ్ళు అదృష్టవంతులు, అంకె చూస్తే గంటలు తెలిసిపోతున్నాయి. ఇక్కడ యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) ఏపీ బయాలజీ 3 వస్తే 8 క్వార్టర్ యూనిట్లు ఇస్తారు. మా వాడు "ఎనిమిది! ఏడాది అయిపోయింది!" అని ఒకటే గంతులు. క్వార్టర్ యూనిట్లని సెమిస్టర్ గంటల్లోకి మార్చాలంటే మూడింట రెండు వంతులు చేయాలి. 8 కాస్తా 5.3 అవుతుంది. పైగా యూనిట్లు ఇవ్వడం వేరు, ఫలానా కోర్సు నుంచి మినహాయింపు ఇవ్వడం వేరు. మినహాయింపు సంగతి ఒక్కో క్యాంపస్‌లో, ఒక్కో మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టుకి) ఒక్కో రకం. మా వాడి మేజర్‌లో ఇంట్రో సిరీస్ ఎలాగూ తప్పలేదు, కాబట్టి మాకు ఈ చర్చే లేకుండా పోయింది.

పాలమూరు_పిల్ల
నేను స్కిప్ చేసి నేరుగా జెనెటిక్స్‌లో కూర్చున్నదాన్ని. ఎవరూ ముందే చెప్పని ముచ్చట ఒకటి చెప్తా. సబ్జెక్టు కష్టం కాలేదు. పెడిగ్రీ, లింకేజ్, కై-స్క్వేర్ అన్నీ ఏపీలో చేసినవే. కష్టమైంది ల్యాబ్. మిగతా అందరూ ఇంట్రో ల్యాబ్ చేసి వచ్చిన్రు. మైక్రోపిపెట్ (చుక్కలో వంతు ద్రవాన్ని కొలిచి తీసేది) ఎత్తంగనే రెండు మైక్రోలీటర్లు గీసినట్టు తీసి, జెల్ బావిలో (శాంపిల్ పోసే చిన్న గుంటలో) సూటిగా దించేస్తున్నారు. నేను మొదటి స్టాప్ (పీల్చేటప్పుడు నొక్కాల్సింది అక్కడిదాకే) దాటి రెండో స్టాప్ దాకా నొక్కి పీలుస్తున్నా. శాంపిల్ ఎక్కువ రావుడు, జెల్ అడుగు చినుగుడు, బ్యాండ్లు పక్క లేన్‌లోకి పోవుడు. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) వచ్చి ఏమన్లే, నా బొటనవేలు మీద తన వేలు పెట్టి "ఇక్కడ ఆగు" అని చూపించిండు. ఆ తర్వాత దారిలో పడ్డ.

స్కిప్ చేయొచ్చు. కానీ జెనెటిక్స్‌కి ముందే ఆ ఒక్క గంట ఇంట్రో ల్యాబ్ విడిగా తీసుకునే వీలుంటే తీసుకోమనండి అక్కా. మా దగ్గర లెక్చర్ లేకుండా ల్యాబ్ ఒక్కటే ఇస్తారు.

మిర్చి_గుంటూరు
చూశారా! ఇదే నేను చెప్పేది. పునాది లేకుండా మేడ కట్టమంటారా?

పాలమూరు_పిల్ల
అన్నా, మీరు చెప్పింది జీపీఏ కోసం. నేను చెప్పింది పిపెట్ కోసం. 😄

తెల్లకోటు_2వఏడు
హహ. ఆంటీ, ఎంక్యాట్ (మెడికల్ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష) గురించి కూడా ఒక మాట. ఏపీ బయాలజీ సిలబస్‌లో ఇప్పుడు ఎనిమిది యూనిట్లు: జీవ రసాయనం, కణ నిర్మాణం, శక్తి, సెల్ కమ్యూనికేషన్, వంశపారంపర్యం, జీన్ ఎక్స్‌ప్రెషన్, నేచురల్ సెలెక్షన్, ఇకాలజీ. కిడ్నీ ఎక్కడ? గుండె ఎక్కడ? లేవు. అవయవ వ్యవస్థలు విడిగా ఒక యూనిట్‌గా లేనే లేవు. ఎంక్యాట్ బయాలజీ సెక్షన్ 59 ప్రశ్నల్లో దాదాపు 65 శాతం మొదటి ఏడాది స్థాయి బయాలజీ, 25 శాతం బయోకెమిస్ట్రీ. ఆ బయాలజీలో నెఫ్రాన్, హార్మోన్లు, ఇమ్యూన్ సిస్టమ్, నెర్వ్ కండక్షన్ బాగా అడుగుతారు. ఇకాలజీ ఊసే ఉండదు. అంటే 5 తెచ్చుకున్న పిల్లకి కూడా ఫిజియాలజీలో పెద్ద ఖాళీ ఉంటుంది.

మీ యూనివర్సిటీలో 1307 ఏం చెబుతారో సిలబస్ తెప్పించి చూడండి. చాలా చోట్ల రెండో సెమిస్టర్‌లో జంతు, వృక్ష వైవిధ్యం, కొంచెం ఫిజియాలజీ ఉంటాయి. దాన్ని మళ్ళీ తీసుకునే కంటే మూడో ఏడాదిలో హ్యూమన్ ఫిజియాలజీ పెట్టుకుంటే ఎంక్యాట్‌కీ, గంటల లెక్కకీ రెండింటికీ పనికొస్తుంది. ఎంక్యాట్‌కి ముందు బయోకెమిస్ట్రీ ఒక సెమిస్టర్ మాత్రం తప్పక అయిపోవాలి.

కేటీ_రమణ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మావాడు ఏపీ కాదు, డ్యూయల్ క్రెడిట్ చేశాడు. పదకొండో తరగతిలో కమ్యూనిటీ కాలేజీ బయాలజీ, సీ వచ్చింది. కొత్త యూనివర్సిటీకి ఆ క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ చేయకుండా వదిలేస్తే ఆ సీ ఎక్కడా కనిపించదు కదా?

అడ్వైజింగ్_అరుణ
కనిపిస్తుంది రమణ గారూ. డ్యూయల్ క్రెడిట్ అంటే నిజమైన కాలేజీ కోర్సు, దానికి నిజమైన కాలేజీ గ్రేడు. ఆమ్‌కాస్‌కి గానీ, టీఎండీఎస్ఏఎస్‌కి గానీ చదివిన ప్రతి కాలేజీ వివరం ఇవ్వాలి. ఆమ్‌కాస్‌లో అలాంటి కోర్సుకి హైస్కూల్ అనే గుర్తు కూడా ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ చేశామా లేదా అన్నదానితో పని లేదు, గ్రేడు జీపీఏలో కలుస్తుంది. దాచిపెడితే సీ కంటే పెద్ద తలనొప్పి అవుతుంది. ఒక్క సీ వల్ల కొంప మునిగేదేం లేదు. పై కోర్సుల్లో మంచి గ్రేడ్లు చూపిస్తే చాలు. ఈ విషయం పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకి ఎవరైనా చెబితే బాగుండు. "ఫ్రీగా కాలేజీ క్రెడిట్" అని చేర్పించేస్తున్నారు.

బెజవాడ_తాతయ్య
మా మనవడు అక్కడ పన్నెండో తరగతి. వాడు ఇక్కడికొచ్చి ఎంబీబీఎస్ చదివితే ఆ ఏపీ బయాలజీ నీట్‌కి సరిపోతుందా? మా కాలంలో ఇంటర్ బైపీసీ అంటే బైపీసీయే, ఇన్ని మెలికలు లేవు.

అడ్వైజింగ్_అరుణ
బాబాయ్ గారూ, అది వేరే దారి. నీట్‌కి పన్నెండో తరగతి స్థాయిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ లేదా బయోటెక్నాలజీ, ఇంగ్లీష్ చదివి ఉండాలి. అమెరికా సర్టిఫికెట్‌కి సమానత్వం చూపించాలి. 2023 నవంబర్‌లో ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) ఒక వెసులుబాటు ఇచ్చింది. పన్నెండు పాసయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసి పాసైనా నీట్‌కి అర్హులే. మనవడి విషయం ఎన్నారై నీట్ థ్రెడ్‌లో అడగండి, అక్కడ ఈ మధ్యే చేరిన పిల్లల తల్లిదండ్రులున్నారు.

హెచ్4_నాన్న
ఒక్క ప్రశ్న. మా పాప హెచ్4 (హెచ్1బీ వాళ్ళ పిల్లలకిచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉంది. ఏపీ క్రెడిట్ విషయంలో తేడా ఉంటుందా?

తెల్లకోటు_2వఏడు
ఏపీ విషయంలో లేదు అంకుల్. కానీ చాలా మెడికల్ స్కూళ్ళు సిటిజన్లు, గ్రీన్‌కార్డ్ వాళ్ళనే తీసుకుంటాయి. ఎంసార్‌లో ముందు ఆ ఫిల్టర్ పెట్టి, మిగిలిన స్కూళ్ళకే ఏపీ సంగతి చూడండి. 21 నిండితే హెచ్4 పోతుంది కాబట్టి లాయర్‌తో మాట్లాడటం దానికంటే ముందు పని.

మిర్చి_గుంటూరు
సరే, ఒప్పుకోలు కాదు గానీ ఒకటి అడుగుతా. 5 వచ్చిన పిల్ల సంగతి పక్కన పెట్టండి. మా తమ్ముడి కొడుక్కి 3 వచ్చింది. టెక్సాస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలు 3కి కూడా క్రెడిట్ ఇవ్వాలని 2015లో చట్టం తెచ్చారుగా, వాడికీ ఇచ్చారు. వాడినీ నేరుగా జెనెటిక్స్‌లో కూర్చోమంటారా?

అడ్వైజింగ్_అరుణ
అనను. 3 వచ్చిన పిల్లలకి నేను మామూలుగా ఇంట్రో తీసుకోమనే చెబుతాను. అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. 4 అయితే పాత ఫైనల్ పేపర్ ఒకటి సంపాదించి చేయించి చూడండి. డిపార్ట్‌మెంట్‌లో అడిగితే చాలామంది ఇస్తారు. పుస్తకం తిరగేయకుండా ముప్పావు వంతు చేయగలిగితే స్కిప్ చేయొచ్చు. ఇది నా కొలత మాత్రమే, ఎక్కడా రాసిపెట్టిన రూల్ కాదు.

మిర్చి_గుంటూరు
హమ్మయ్య. ఒక్క గోల్ వేశాను.

ఫ్రిస్కో_శారద
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి అన్నయ్యగారిని స్పీకర్‌లో పెట్టి ఇదంతా చదివి వినిపించాను. 14 గంటల లెక్క వినగానే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే జెనెటిక్స్ ఎప్పుడు పెడుతున్నారు?" అన్నారు. ఆయన పిల్లలు చదివింది వేరే రాష్ట్రంలో, వాళ్ళ స్కూళ్ళు ఏపీ ఒప్పుకోలేదట. ఆయన చెప్పిందీ నిజమే మరి.

అమ్మాయి వేసుకున్న ప్లాన్ ఇది. ఏపీ క్రెడిట్ ఉంచుకుంటుంది. ఫాల్‌లో కెమిస్ట్రీ, దాని ల్యాబ్, క్యాలిక్యులస్, ఇంగ్లీష్, వాటితోపాటు 1106 ల్యాబ్ ఒక్కటి (లెక్చర్ క్రెడిట్ ఉన్నవాళ్ళకి విడిగా ఇస్తామని డిపార్ట్‌మెంట్ వాళ్ళు మెయిల్ పెట్టారు). రెండో ఏడాది ఫాల్‌లో జెనెటిక్స్, స్ప్రింగ్‌లో సెల్ బయాలజీ. ఆ తర్వాత ల్యాబ్ ఉన్న మైక్రోబయాలజీ. మూడో ఏడాది ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ.

చివరగా ఒక్క అనుమానం. క్యాటలాగ్‌లో మైక్రోబయాలజీ రెండు రకాలు కనిపిస్తోంది. ఒకటి 2000 స్థాయి, నర్సింగ్, హెల్త్ సైన్సెస్ వాళ్ళకి అని ఉంది. ఇంకోటి 3000 స్థాయి, బయాలజీ మేజర్లకి. మొదటిది తేలిక అని సీనియర్లు అంటున్నారట. ఏది తీసుకోమనాలి?

అడ్వైజింగ్_అరుణ
3000 స్థాయిదే. టీఎండీఎస్ఏఎస్ సైన్స్ మేజర్ల కోసం పెట్టిన కోర్సులనే లెక్కలోకి తీసుకుంటుంది. నర్సింగ్ వాళ్ళ కోసం పెట్టింది తీసుకుంటే గంటలు ఉన్నట్టే ఉంటాయి, అప్లికేషన్‌లో మాత్రం పనికిరావు. ల్యాబ్‌కి వేరే నంబరుంటే రెండింటికీ రిజిస్టర్ అవ్వమనండి. లెక్చర్ ఒక్కటే క్లిక్ చేసి, ల్యాబ్ దానంతట అదే వస్తుందనుకునే పిల్లలు ప్రతి సెమిస్టర్‌లో మా ఆఫీసుకి వస్తూనే ఉంటారు. 1106 సెక్షన్లు త్వరగా నిండిపోతాయి, రిజిస్ట్రేషన్ తెరవగానే ముందు దాన్నే పట్టుకోమనండి.

పాలమూరు_పిల్ల
మొదటి స్టాప్ దగ్గర ఆగమని కూడా చెప్పండి అక్కా. 😄